మూడోసారి అనకముందే

బండి నేర్పేవాళ్ళకి ఎదుటివాళ్ళ కాళ్ళ మీద నమ్మకం ఉండదు. మా మేడమ్‌కి అయితే అసలే ఉండదు. ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. పక్క సీట్లో కూర్చుని, అక్కడ ప్రత్యేకంగా బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టి, ఊళ్ళో సగం మందికి బండి నేర్పింది. నేర్పడం అంటే ఏముంది, కుక్క కనపడితే తనే తొక్కుతుంది, మలుపొస్తే తనే తొక్కుతుంది, సందులోంచి ఎవరైనా వస్తారేమోనని అనుమానం వచ్చినా తనే తొక్కుతుంది. వెనకాల అందరూ బ్రేకు మేడమ్ అంటారని ఆవిడకి తెలుసు. "అననీ, నా బండి మీద ఇంతవరకు ఒక్క గీత పడిందా?" అంటుంది. పడలేదు, నిజమే. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మొదటిసారే పరీక్ష నెగ్గినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది అన్నదీ నిజమే. అది మాత్రం వాళ్ళ ఖర్మ అనుకునేది.

అలాంటి మనిషి ఆరోజు పొద్దున రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చుని, కదలని రైలు కేసి చూస్తోంది. కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. పది రోజుల కిందట స్నానాల గదిలో జారిపడితే మణికట్టు విరిగింది. అటు ఒకరు, ఇటు ఒకరు స్నేహితురాళ్ళు. ఒకామె దర్జీ. నవ్వితే పక్కింటికి వినపడుతుంది, మేడమ్ దగ్గరే బండి నేర్చుకుని నాలుగుసార్లు పరీక్ష తప్పింది. రెండో ఆవిడ పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరైంది, వీధంతా ముద్రక్కయ్య అంటారు. ఆవిడకి గడియారం తప్ప ఇంకో దేవుడు లేడు. మేడమ్‌ని ఒంటరిగా పంపేది లేదంటూ ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కుని మరీ వెంట వచ్చారు.

ఏడున్నర రైలు తొమ్మిదైనా కదల్లేదు. తొమ్మిదింబావుకి మైకులో చెప్పారు, ముందు ఎక్కడో గూడ్సు పట్టాలు తప్పిందట, రైలు రద్దు. జనం ఒక్కసారిగా లేచారు. టాక్సీలు కంటికి కనపడకుండా పోయాయి. బస్సు మెట్ల మీద మనుషులు వేలాడుతున్నారు. మళ్ళీ బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకి.

"ఒంటిగంటకి ఎక్కితే ఆరవుతుంది," అంది ముద్రక్కయ్య.

మేడమ్ తల అడ్డంగా ఊపింది. ఆరింటికి వెళ్ళి ఏం లాభం? నాలుగింటికల్లా అయిపోతుంది.

ఏమైపోతుందో చెప్పాలంటే అక్క సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి మేడమ్‌కి ఐదేళ్ళు, అక్కకి పదిహేను. ఆ పదిహేనేళ్ళ పిల్ల కూరగాయల మార్కెట్లో వేలం పాట పాడే పనికి కుదిరి చెల్లెల్ని పెంచింది. ఏం గొంతండీ అది! టమాటా గంపల దగ్గర నిలబడి "ఒకటోసారీ" అంటే లారీల అవతల ఉన్నవాడు ఉలిక్కిపడేవాడు. సాయంత్రం వీధిలో ఆడుకునే చెల్లెల్ని పిలవడానికి కూడా అదే పాట. "బొంగరం ఒకటోసారీ! బొంగరం రెండోసారీ!" ఒకచోట కాలు నిలవని పిల్ల, అందుకని బొంగరం. మూడోసారి అంటే పాట అయిపోయినట్టు, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా సరుకు దక్కదు, తలుపు తీయరు. అందుకే మూడోది అక్క నోట్లోంచి రాకముందే పిల్ల గుమ్మంలో వగరుస్తూ నిలబడేది. చిన్నతనం మొత్తంలో ఆ మూడోసారి ఎలా ఉంటుందో ఆమె వినలేదు.

అలాంటి అక్కకి ఆరేళ్ళ కిందట మేడమ్ ద్రోహం చేసింది. మెత్తగా చెప్పడానికి వేరే మాట ఉందేమో గానీ నాకైతే రాదు. యాభై రెండేళ్ళ వయసులో అక్క, మార్కెట్లో కాటా వేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంటానంది. ఈ వయసులో పెళ్ళేమిటి, రేపు ఏమైనా అయితే ఎవరు చూస్తారు, నలుగురూ ఏమంటారు అని మేడమ్‌కి భయం. భయముంటే అక్కతో పోట్లాడాలి. ఆవిడ అలా చెయ్యలేదు. ఒక మధ్యాహ్నం నేరుగా ఆయన దగ్గరికి పోయి, "మా అక్కకి ఇష్టం లేదండీ, మొహమాటానికి ఒప్పుకుంది, మీరే తప్పుకోండి," అని చెప్పొచ్చింది. నోటికొచ్చిన అబద్ధం. ఆయన నెమ్మదైన మనిషి, నమ్మాడు. మర్నాడే వేరే ఊరి మార్కెట్‌కి మారిపోయాడు. నెల తిరక్కుండా గుట్టు బయటపడింది. అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నా బతుక్కి అడ్డం పడడానికి నువ్వెవరే?" అని అడిగి వెళ్ళిపోయింది. తర్వాత తనూ వేరే ఊరు మారిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు.

ఇప్పుడు ఆ గొంతుకే జబ్బు చేసింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్. ప్రాణానికి ఫర్వాలేదట గానీ మాట పుట్టే చోటు మొత్తం తీసేస్తారట. ఇంక మాట రాదు. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఎవరో మగమనిషి మర్యాదగా ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. "ఆవిడ ఫోన్‌లో మాట్లాడనంటున్నారండీ. మొహం చూసే మాట్లాడాలట. మీకు ఒక్కమాట చెప్పమన్నారు. బొంగరం ఒకటోసారి, అని."

మేడమ్‌ని ఆరేళ్ళుగా ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. రేపటినుంచి ఆ ఒక్కతికీ పిలిచే గొంతుండదు. పరాయి మనిషి నోట విన్నది లెక్కలోకి రాదు. అక్క గొంతుతో వినాలి, అంతకంటే ముందు తప్పయిందని చెప్పుకోవాలి. నాలుగింటిలోపు.

"మన స్కూలు బండి ఉందిగా," అంది దర్జీ.

"ఎవరు నడుపుతారు? నాకా చెయ్యి లేదు. ముద్రక్కయ్యకా రాదు."

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళ లైసెన్సుంది. నేర్పే మనిషి పక్కనుంటే చాలుగా? ఉన్నావుగా!"

"నువ్వా? నూట తొంభై కిలోమీటర్లా? మధ్యలో కొండ దిగాలే తల్లీ!"

"తొమ్మిది నలభై," అంది ముద్రక్కయ్య. వేరే దారి లేదని ఆ గడియారమే చెప్పింది.

నెత్తిన స్కూలు బోర్డు, వెనక అద్దం మీద "కొత్త చెయ్యి, దూరంగా ఉండండి" అన్న అక్షరాలు. అదీ వాళ్ళ రథం. ఊరు దాటేసరికి పది దాటింది. దర్జీ స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది. వెనక ముద్రక్కయ్య రెండు సీట్ల మధ్యలోకి మెడ చాచి కూర్చుంది.

"నెమ్మది... లారీ... లారీ చూడు... అద్దం చూసుకో... అయ్యో, అటు కాదు!" అంది పక్క సీట్లోంచి మేడమ్.

"చూస్తున్నా అక్కా."

"చూస్తే సరిపోదు, ముందుగా చూడాలి!"

ఇలా రెండు గంటలు. బండి ముక్కుతూ మూలుగుతూ పోతోంది. ఎంత తొక్కినా యాభై దాటట్లేదు. వెనకాల వచ్చే ప్రతి లారీ హారను మోగించి మోగించి, పక్కకొచ్చి తిట్టి మరీ ముందుకు పోతోంది. ఒకడు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఆగుతావా పోతావా? ఏదో ఒకటి చెయ్యి!" అని అరిచాడు.

"నేనేం చేశానక్కా వీడికి?" అంది దర్జీ ఏడుపు గొంతుతో.

"బండి పాతదైపోయింది, లాగట్లేదు," అంది మేడమ్. "ఐదో గేరు వెయ్యకు. నాలుగులోనే ఉంచు." చెబుతూనే గంట ఎంతయిందని వెనక్కి అడిగింది. ప్రతి ఐదు నిమిషాలకీ అడుగుతూనే ఉంది. కొండ దారి మొదలయ్యే చోటికి చేరేసరికి పన్నెండున్నర దాటింది.

ముందుగా వాసన వచ్చింది. గుడ్డ కాలినట్టు ఘాటుగా. తర్వాత ముందు చక్రంలోంచి సన్నగా పొగ లేచింది. దర్జీ కెవ్వున కేకేసి బండి పక్కకి దించింది. అదృష్టం బాగుండి ఎదురుగానే ఒక మెకానిక్ రేకుల షెడ్డు ఉంది. అతను వచ్చి, వంగి, చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ముద్రక్కయ్య సీసా మూత తీస్తుంటే అరిచాడు.

"నీళ్ళు పొయ్యకండమ్మా, పగులుతుంది! దానంతటదే చల్లారాలి."

"ఎంతసేపు?"

"గంటైనా పడుతుంది. ఈ వేడితో కొండ దిగితే మూడో మలుపుకే బ్రేకు అందదు. లోయలో వెతుక్కోవాలి మిమ్మల్ని." లేచి దర్జీ వంక చూశాడు. "నడిపింది నువ్వేనా? బ్రేకు మీంచి కాలు తియ్యవా తల్లీ? పొద్దుటినుంచీ తొక్కిపట్టే ఉంచినట్టున్నావు."

"ఒట్టు! నేనసలు తొక్కనే లేదు!"

"బ్రేకేమన్నా దెయ్యం తొక్కిందా మరి?"

అప్పుడు ముద్రక్కయ్య గొంతు సవరించుకుంది. ముప్ఫై ఏళ్ళు ఎవరి ఉత్తరమూ విప్పి చూడని మనిషి, అడగందే చెప్పదు. "దెయ్యం కాదు నాయనా. అదిగో," అని మేడమ్ కాళ్ళ వైపు చూపించింది.

మేడమ్ ఇంకా సీట్లోనే కూర్చుని ఉంది. కిందికి చూసుకుంది. ఆగిన బండిలో, రోడ్డు పక్కన, తన కుడి పాదం తన బ్రేకు మీద ఉంది. నొక్కే ఉంది. తీద్దామని చూస్తే పిక్క బిగుసుకుపోయి వెంటనే రాలేదు. రెండున్నర గంటలుగా, నెమ్మది అన్నప్పుడూ, అద్దం చూసుకో అన్నప్పుడూ, గంటెంత అని అడిగినప్పుడూ ఆ కాలు అక్కడే ఉంది. బండి పాతదైందట! లారీల వాళ్ళు తిట్టారంటే తిట్టరూ, వెనకాల ఎర్ర దీపాలు ఆరనే లేదు మరి. అక్క దగ్గరికి ఎంత తొందరగా పోదామా అని ప్రాణం కొట్టుకుంటుంటే, బండిని వెనక్కి పట్టుకుని లాగింది తనే.

"ముందే చెప్పొచ్చుగా అక్కయ్యా!" అంది. కోపం వస్తే ఎవరో ఒకరి మీద పడాలిగా.

"చెబితే వినే రోజు ఎప్పుడైనా ఉందా నీకు?" అంది ముద్రక్కయ్య. "అయినా నాకు బండి సంగతేం తెలుసు? నేర్పేవాళ్ళు అలాగే పెట్టుకుంటారేమో అనుకున్నా."

దర్జీ ఒక రాయి మీద కూర్చుంది. నవ్వు లేదు. "నాలుగుసార్లూ ఎందుకు తప్పానో చెప్పనా అక్కా? పరీక్ష పెట్టే ఆయన పక్కన కూర్చున్నాడు. అడ్డంగా సైకిలొచ్చింది. నా కాలు కదల్లేదు. బ్రేకు దానంతటదే పడుతుంది కదా అని చూస్తూ కూర్చున్నా. నాలుగుసార్లూ అంతే. నీ పక్కన కూర్చుంటే నాకు ఆపాల్సిన పనే రాలేదు. ఎలా వస్తుంది మరి?"

 ఆ ఖర్మ వాళ్ళది కాదన్నమాట. ఇరవై రెండేళ్ళ తర్వాత, కొండ అంచున, పొగలు కక్కే చక్రం పక్కన మేడమ్‌కి తెలిసింది.

అంతలో ఫోన్ మోగింది. నిన్నటి మనిషే. "ఎక్కడిదాకా వచ్చారండీ? ఇక్కడ సూదులూ అవీ మొదలుపెట్టారు. మూడూ యాభై ఐదుకి లోపలికి తీసుకెళ్తారట. ఆవిడ ఇంకోమాట చెప్పమన్నారు." ఆగాడు. "బొంగరం రెండోసారి."

మేడమ్ గంటసేపు ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. చక్రాన్ని తిట్టింది, మెకానిక్‌ని తిట్టింది, చివరికి గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ కట్టు చేతిని గుండెకి ఆనించుకుని నిలబడిపోయింది. రెండోసారి వినగానే ఒక్క పరుగున గుమ్మం చేరే ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఉన్నా, పరిగెత్తాల్సింది తన కాళ్ళు కావు, ఈ చక్రాలు.

రెండింటికి మెకానిక్ చక్రం ముట్టి చూసి తలాడించాడు. "రెండో గేరులో దిగండి. బ్రేకు అవసరమైనప్పుడు తొక్కి వదిలెయ్యాలి, పట్టుకుని ఉండకూడదు. అర్థమైందా?" అన్నాడు. అడిగింది దర్జీనే గానీ చూసింది మేడమ్ వంక.

ముద్రక్కయ్య కిందికి వంగింది. "చెప్పులు ఇలా ఇయ్యి." మేడమ్ విడిచిన చెప్పులు తన సంచిలో వేసి జిప్పు లాగింది. "ఇప్పుడు సీటు మీద కాళ్ళు మడిచి కూర్చో. దించావో, నేనే కట్టేస్తా."

"నోరు కూడా," అంది దర్జీ, తలుపు వేసుకుంటూ. "కోప్పడకు అక్కా. నువ్వు మాట్లాడితే నా చేతులు వణుకుతాయి."

ఆ కొండకి పదకొండు మలుపులు. మేడమ్ మఠం వేసుకుని, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బిగబట్టుకుని కూర్చుంది. మొదటి మలుపులోనే కాలు దానంతటది కిందికి జారబోయింది. ఎడమ చేత్తో మడమ పట్టుకుని ఆపుకుంది. రెండు, మూడు. ఒక పక్క రాయి, ఒక పక్క ఏమీ లేదు. ఇంజను గొణుగుతోంది. దర్జీ మెడ మీద చెమట ధారగా కారుతోంది. ఐదో మలుపులో చెప్పాలనిపించింది, ఇప్పుడు తొక్కవే అని. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంది. దర్జీ తొక్కింది. బండి తగ్గింది, తిరిగింది. తొక్కి వదిలేసింది కూడా.

ఏడో మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. ముందుపోతున్న బండిని దాటబోయి తప్పు దారిలోకి వచ్చేసింది, దారి నిండా అదే ఉంది. మేడమ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు కాళ్ళూ ఒక్కసారిగా కిందికి దూకాయి. పాదం బ్రేకు మీద పడబోయిన క్షణంలో బండి అప్పటికే ఆగుతోంది. తను తొక్కలేదు. ఇంకా తొక్కనే లేదు. దర్జీ ఎడం పక్కకి, రాతికి రెండు జానల దూరంలో, బండిని నిలబెట్టేసింది. బస్సు అద్దం వాళ్ళ అద్దాన్ని రాసుకుంటూ పోయింది. డ్రైవరు చెయ్యెత్తి దండం పెట్టాడు.

నెత్తిన బోర్డు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"ఆపాను," అంది దర్జీ తనకే నమ్మకం లేనట్టు. "అక్కా, నేనే ఆపాను."

"నువ్వే ఆపావే తల్లీ," అంది మేడమ్. కళ్ళు తుడుచుకుని, కాళ్ళు మళ్ళీ పైకి మడిచింది. "పోనీ. బండి పోనియ్యి."

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. కొండ దిగాక దర్జీ ఐదో గేరు వేసింది. పాత బండి అన్నారే, ఎనభైలో బాణంలా పోయింది. వెనకనుంచి ముద్రక్కయ్య లెక్కపెడుతూనే ఉంది. మూడుంబావు. మూడున్నర. ఊరి మొదట్లో సిగ్నలు దగ్గర మూడూ ముప్ఫై ఎనిమిది. ఆసుపత్రి గేటు ముందు మూడూ నలభై ఆరు.

మేడమ్ బండి పూర్తిగా ఆగకముందే దిగేసింది. ఇదే పని ఇంకొకరు చేస్తే చెవులు మెలిపెట్టేది. లిఫ్టు ముందు జనం. మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి ఊపిరి అందలేదు. వరండా చివర చక్రాల మంచం, దాని పక్కన కుర్చీలో ఒక నెరిసిన తల. ఆయన లేచి నిలబడ్డాడు. మర్యాదగా పక్కకి జరిగాడు. ఆ జరిగిన తీరులో గుర్తుపట్టింది. కాటా వేసే ఆయన. నిన్నటినుంచీ ఫోన్ చేస్తున్నది ఆయనే.

మంచం మీద అక్క సగమైపోయి ఉంది. కళ్ళు మాత్రం అవే.

"చెప్పులేవే?" అంది. చల్లార్చిన బొగ్గుల మీద గోకినట్టుంది గొంతు. అయినా ఆ గొంతే.

మేడమ్ తన కాళ్ళు చూసుకుంది. చెప్పులు ముద్రక్కయ్య సంచిలో ఉండిపోయాయి. "అక్కా, నేను చేసిన పని..."

"ఆగు. నీ గొంతు ఎక్కడికీ పోదు. రేపు చెప్పు, ఎల్లుండి చెప్పు, రోజుకో పూట చెప్పు. ఎదురు చెప్పడానికి నాకు నోరుండదు, ఇంక నీదే రాజ్యం. ఈ ఏడు నిమిషాలూ నావి. నోరు మూసుకుని విను."

మేడమ్ విన్నది. అక్క ఆరేళ్ళ తిట్లూ తిట్టింది. మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ తిట్టింది. "ఈయన్ని నువ్వు పొమ్మన్నావు, పోయాడు. నేను వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నా. పెళ్ళయి నాలుగేళ్ళయింది. నిన్ను పిలుద్దామని ఈయనే అన్నాడు, నేనే ఒప్పుకోలేదు. నీ మీద పంతం. నీతో మాట్లాడాల్సిన మాటలన్నీ ఆరేళ్ళు లోపలే దాచుకున్నా. ఇప్పుడు చూడు, ఏడు నిమిషాల్లో ఎన్నని పడతాయే?" ఆ మాట దగ్గర గొంతు ఆరిపోయింది. చెల్లెలి కట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. "నాకూ బుద్ధి లేకపోయింది. చెయ్యేమైంది?"

మేడమ్ ఏడుపు తన్నుకొస్తుంటే పెదవులు నొక్కిపట్టుకుని, అక్క చెయ్యి రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. ఇద్దరు మనుషులు వచ్చి మంచం చక్రాల కొక్కేలు తీశారు.

మంచం కదిలింది. పది అడుగులు పోయాక అక్క తల ఎత్తింది. ఉన్న గొంతంతా కూడగట్టుకుని, మార్కెట్లో గంపల ముందు నిలబడినట్టు అంది.

"బొంగరం ఒకటోసారీ."

మంచం తోసే మనిషి ఉలిక్కిపడి ఆగాడు.

"బొంగరం రెండోసారీ."

మేడమ్ వట్టి కాళ్ళతో పరిగెత్తింది. తలుపు దగ్గర మంచం అంచు అందుకుంది. అక్క నోరు తెరిచింది. వగరుస్తూ నిలబడ్డ చెల్లెలి ముఖం ఒక్క క్షణం చూసి, మళ్ళీ మూసుకుంది. మంచం లోపలికి పోయింది, తలుపులు కలుసుకున్నాయి. మూడోసారి అనలేదు.